కారులో హ్యామ్ రేడియో: వైరు ఎటు నుంచి లాగాలి?

అందరికీ నమస్తే. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఫోన్లు మూగబోయినప్పటి నుంచీ హ్యామ్ (లైసెన్సు తీసుకుని అభిరుచిగా వాడే వైర్‌లెస్ రేడియో) మీద సరదా. ఇన్నాళ్లకి లైసెన్సు చేతికొచ్చింది.

50 వాట్ల వీహెచ్‌ఎఫ్ (అతి ఎక్కువ ఫ్రీక్వెన్సీ) రేడియో సెట్టుని ముందు సిగరెట్ లైటర్ సాకెట్‌కే తగిలించా. వినడానికి బాగానే ఉంది, మైకు బటన్ నొక్కగానే టప్, ఫ్యూజు పోయింది. మాట్లాడేటప్పుడు పదీ పన్నెండు ఆంపియర్లు లాగుతుందట. మన తెలివి అలా ఉంది! ఇప్పుడు బ్యాటరీ నుంచే నేరుగా, దాని పక్కనే ఫ్యూజు పెట్టి లాగాలనుకుంటున్నా. క్లచ్ పెడల్ పైన, ఇంజిన్‌కీ లోపలికీ మధ్య గోడలో ఓ రబ్బరు బిరడా కనిపిస్తోంది, అందులోంచి దూర్చొచ్చా? మెకానిక్ ఏమో "డ్రిల్లు కొట్టేద్దాం సార్" అంటున్నాడు, నాకు గుండె చాలట్లేదు.

ఇంకోటి, టాప్ మీద అయస్కాంతం యాంటెన్నా కింద బీచ్ రోడ్డు ఉప్పుగాలికి అప్పుడే తుప్పు మరక. రోజూ తీసి తుడవాల్సిందేనా? సముద్రం పక్కన ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారో కాస్త చెప్పండి.