అప్‌డేట్: తక్కువ ఖర్చులో కళింగపట్నం వెళ్లి వచ్చాం

కారు అద్దెకు తీసుకోకుండా శ్రీకాకుళం నుంచి పిల్లలతో కళింగపట్నం సముద్రతీరాన్ని ఒక్కరోజులో చూసి రావచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. హాయిగా వెళ్లి వచ్చాం, సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఆర్టీసీ కాంప్లెక్సులో పొద్దున్నే బస్సెక్కమన్న మాటే పనిచేసింది. పులిహోర కట్టుకెళ్లాం. రాత్రి ఉండటానికి గది తీసుకోవాలా అని అంత చర్చ జరిగింది గానీ, దాని అవసరమే రాలేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. వంశధార నది సముద్రంలో కలిసే చోట స్నానానికి దిగకండి. పైకి నిశ్చలంగా కనిపించినా లోపల నీరు లాగేస్తుందని, పిల్లలను ఒడ్డునే ఆడించమని వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుడు ఒకాయన హెచ్చరించారు.

తిరుగుదారిలో ఆటో మాట్లాడుకుని శాలిహుండం కొండెక్కాం. బౌద్ధ స్తూపాల దగ్గర నుంచి వంశధారను తప్పక చూడండి. చివరి బస్సు వేళ దిగేటప్పుడే కండక్టరును అడిగి ఉంచుకోండి.