జర్మనీలో మా పెళ్లి మేమే చేసుకుంటున్నాం: సంతకాలు ముందా, పుస్తె ముందా?

తెనాలి_టు_స్టుట్‌గార్ట్:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మాది తెనాలి, నాకు కాబోయే ఆయన వాళ్లది కరీంనగర్. ఇద్దరం స్టుట్‌గార్ట్‌లోనే ఉంటాం, ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. తనకి బ్లూ కార్డ్, అదే బాగా చదువుకున్న ఉద్యోగులకిచ్చే పర్మిట్, ఉంది. నేను మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి ఇచ్చే పర్మిట్ మీద ఉన్నాను. 18 నెలల్లో 11 గడిచిపోయాయి. రెండిళ్లలోనూ ఒప్పుకున్నారు, ఆ గొడవ లేదు. ఇండియా వెళ్లి చేసుకుందామంటే తను కొత్త కంపెనీలో చేరాడు, పది రోజులకు మించి సెలవు అడగలేడు. మా నాన్న "పది రోజుల్లో ఇచ్చెయ్యడానికి ఇదేమన్నా పాస్‌పోర్టు ఫొటోనా" అన్నారు. సరే, మీరే రండి, 2026 వేసవిలో ఇక్కడే చేసుకుంటాం అన్నాం. అనేశాక తెలిసింది అదెంత పనో.

పెళ్లి పనుల్లో నాకు తెలిసింది చీరలు చూడటం ఒక్కటే. అక్క పెళ్లికి హాలు మామయ్య చూశాడు, వంటవాళ్లని బాబాయి మాట్లాడాడు, ఎవరు అలిగారో అమ్మ చూసుకుంది. ఇక్కడ మామయ్యా నేనే, బాబాయీ నేనే. అలగడానికి కూడా మనుషుల్లేరు.

ఇక్కడి రిజిస్ట్రార్ ఆఫీసుకి, అదే స్టాండెస్‌ఆమ్ట్‌కి, వెళ్లాం. పెళ్లికి అడ్డంకి లేదని మీ దేశం నుంచి సర్టిఫికెట్ తెమ్మన్నారు. అలాంటిది మన దగ్గర ఇవ్వరంటే, అయితే పై కోర్టు నుంచి మినహాయింపు తెచ్చుకోవాలన్నారు. దానికి కాగితాలన్నీ సరిపోవాలి. నా బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరే లేదు, "ఆడశిశువు" అని ఉంది. నాన్న పేరుకి ముందు రెండు పొడి అక్షరాలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆ శిశువు మీరేనని రుజువేంటి అని అడిగిందావిడ. నిజంగానే నా దగ్గర జవాబు లేదు.

డెన్మార్క్ వెళ్లి సంతకాలు పెట్టేసి వస్తే అయిపోతుందని కొందరంటున్నారు. అది చెప్పగానే అమ్మ ఫోన్లో ఏడుపు. "సంతకాలయ్యాక పుస్తె కడితే, పెళ్లయిన పిల్లకి మళ్లీ పెళ్లి చేసినట్టు కాదూ?" అంటుంది. దానికి తోడు మా సిద్ధాంతిగారు పంపిన ముహూర్తం తెల్లవారుజామున 2.40కి. ఇక్కడ హాలు రాత్రి పదికల్లా ఖాళీ చెయ్యాలి.

ఎవరైనా ఇదంతా దాటి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

---

ఎల్బే_ఒడ్డున:

చెల్లెమ్మా, నేను హాంబర్గ్‌లో ఉంటాను. నువ్వు చెప్పిన రెండు దారులూ తొక్కి వచ్చినవాణ్ణి.

మొదట స్టాండెస్‌ఆమ్ట్ దారే పట్టాను. ఇండియా కాగితాలకి అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లడానికి వేసే ప్రభుత్వ ముద్ర, వేయించినా జర్మనీ ఒప్పుకోదు. కాగితం నిజమా కాదా అని ఇక్కడివాళ్లు అక్కడ మనిషిని పెట్టి విచారిస్తారు. మా ఊరి పంచాయతీ ఆఫీసుకి ఒకాయన వచ్చి మా ఇంటి గురించి, నాకు ముందే పెళ్లయిందా అన్న సంగతి గురించి ఆరా తీశాడు. ఎదురింటావిడ ఇదేదో పెద్ద సంబంధం అనుకుని నా గురించి లేని గుణాలన్నీ చెప్పింది. ఆ ఫైలు ఏడు నెలలైనా కదల్లేదు. నీకు మిగిలింది ఏడు నెలలే. ఆ దారి వదిలెయ్.

డెన్మార్క్‌లో ముందు ఆన్‌లైన్‌లో ఫమీలియెరెట్స్‌హుసెట్ అనే ప్రభుత్వ సంస్థకి దరఖాస్తు పెట్టాలి. పాస్‌పోర్టులు, మీ ఇద్దరి జర్మన్ రెసిడెన్స్ కార్డులు, మీరిద్దరూ నిజంగానే జంట అని చూపించే కాగితాలు పెట్టండి. మమ్మల్నైతే బర్త్ సర్టిఫికెట్ అడగలేదు. ఒకే ఇంటి అద్దె ఒప్పందం ఉంటే మంచిది, లేదంటే ఫొటోలు, ప్రయాణం టికెట్లు. వాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ 4 నెలలు చెల్లుతుంది, ఆ లోపే పడేలా ఏదో ఒక మునిసిపాలిటీలో పెళ్లి తేదీ తీసుకోవాలి. మేం ట్యోనర్ అనే ఊరికి వెళ్లాం, సరిహద్దు దాటగానే వస్తుంది. ఇక్కడ నీబుల్ నుంచి చిన్న రైలు ఉంది. మీకు స్టుట్‌గార్ట్ నుంచి దాదాపు రోజంతా ప్రయాణం. ఇద్దరు సాక్షులు కావాలి, మాకు మునిసిపాలిటీవాళ్లే ఇచ్చారు. మొత్తం తంతు పావుగంట. మా ఆవిడ జడలో మల్లెపూలు పెట్టుకుంది, అవి ప్లాస్టిక్‌వని ఆ ఆఫీసరమ్మకి చివరిదాకా తెలియలేదు.

వాళ్లిచ్చే సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు, జర్మన్ కూడా ఉంటాయి, అనువాదం గొడవ లేదు. దాని మీద డెన్మార్క్ విదేశాంగ శాఖ అపోస్టిల్ కూడా వేయించుకోండి, కొన్ని ఆఫీసులు అడుగుతాయి. వచ్చాక బ్యుర్గర్‌ఆమ్ట్‌లో, అదే మీ ఊరి పౌరసేవల ఆఫీసులో, నమోదు చేయిస్తే జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పే ట్యాక్స్ క్లాస్ మార్చుకోవచ్చు. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల భార్యకి జర్మన్ భాష పరీక్ష అడగరు, పర్మిట్ వచ్చాక ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. అసలు నీ 18 నెలల భయం అక్కడితో తీరుతుంది.

అమ్మగారి సంగతి. మా అమ్మా ఇదే అడిగింది. "అమ్మా, ఇల్లు కొన్నప్పుడు ముందు రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకాలు పెట్టాం. తర్వాత మంచి రోజు చూసి పాలు పొంగించాం. సంతకాలు పెట్టిన రోజుని నువ్వు గృహప్రవేశం అన్నావా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ రోజు కొత్త చీర కట్టుకోవద్దని చెప్పు" అంది. అదొక్కటే షరతు. మీరు కూడా డెన్మార్క్ ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. మా తమ్ముడు పెట్టాడు, ఆరుగురు అత్తయ్యలు అలిగారు.

---

కోనసీమ_అక్క:

పైన ఆయన కాగితాలు చెప్పారు, నేను సామాను సంగతి చెప్తా. మా ఆడపడుచు పెళ్లి మ్యూనిక్ దగ్గర నేనే చేశాను.

నెయ్యి, పాలకోవా ఇండియా నుంచి తేనివ్వద్దు. బయటి దేశాల పాల పదార్థాలు సామానులో తేకూడదు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. ఇక్కడి సూపర్‌మార్కెట్లో బుటర్‌ష్మాల్ట్స్ అని దొరికేది నెయ్యే, హోమానికి అదే వాడాం. మామిడాకులకి తెగుళ్లు లేవని చెప్పే ఫైటోసానిటరీ సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. కొబ్బరికాయకి మాత్రం అక్కర్లేదు, ఎందుకో నన్నడక్కండి. గుడ్డ తోరణం తెప్పించుకోండి. పుస్తెలు నాన్నగారు తెస్తున్నారంటే విలువ చూసుకోండి, విమానంలో వచ్చేవాళ్లకి 430 యూరోలు దాటితే కస్టమ్స్‌లో చెప్పాలి. చెప్పకుండా పట్టుబడితే పెళ్లిలో ఆ ముచ్చటే మిగులుతుంది.

హోమం హాల్లో అంటే హౌస్‌మాస్టర్‌ని, అదే బిల్డింగ్ చూసుకునే ఆయన్ని, ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. పొగకి అలారం మోగి ఫైర్ ఇంజన్ వస్తే ఆ బిల్లు మీకే. మేం తలంబ్రాల దాకా లోపల చేసి, హోమం, సప్తపది వెనకాల పెరట్లో చేశాం. మా పంతులుగారు వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారాలు పౌరోహిత్యం. మంత్రం మధ్యలో ఆఫీసు ఫోన్ వచ్చినా ఎత్తలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి.

అమ్మానాన్నల షెంగెన్ వీసాకి ఇప్పుడే అపాయింట్‌మెంట్ చూడండి. ఒక్కొక్కరికి 90 యూరోల ఫీజు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్.

---

తిథి_వారం:

ముహూర్తం తెనాలికి పెట్టింది స్టుట్‌గార్ట్‌కి పనికిరాదు. లగ్నం ఊరిని బట్టి మారుతుంది. గడియారంలో మూడున్నర గంటలు తగ్గించుకుంటే సరిపోదు. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు పంపి, పగటి లగ్నం కావాలని సిద్ధాంతిగారిని గట్టిగా అడగండి.

2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, అప్పుడు పెట్టరు. జులై 15న ఆషాఢం వస్తుంది. మధ్యలో నెల రోజులే, హాలు ఇవాళే చూసుకోండి.

ఇంకోటి, అరుంధతి. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి గానీ పొద్దు గూకదు. కానీ అరుంధతి ఉండే సప్తర్షి మండలం ఆ దేశంలో ఏడాదంతా అస్తమించదు. మన దగ్గర పట్టపగలు పంతులుగారు చెయ్యి చూపిస్తే తల ఊపుతాం కదా, మీరు రాత్రి పదకొండింటికి బయటికొస్తే నిజంగానే చూడొచ్చు.

---

తెనాలి_టు_స్టుట్‌గార్ట్:

అన్నా, గృహప్రవేశం మాట అమ్మకి చెప్పాను. "ఆ అబ్బాయి ఎవరో తెలివైనవాడే" అంది, అంతకంటే ఒప్పుకోలేదు. కానీ ఏడుపు ఆపి, కరీంనగర్‌వాళ్లు పుస్తెమట్టెలు ఎలా పెడతారో కనుక్కోమంది. అంటే దారిలోకొచ్చినట్టే.

అక్కా, హౌస్‌మాస్టర్‌ని అడిగాను. పెరట్లో నిప్పుకి ఓకే అన్నాడు. "సాసేజ్‌లు కూడా కాలుస్తారా?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు?

---

కోనసీమ_అక్క:

శాకాహార గ్రిల్ అని చెప్పు. భోజనానికి పిలువు, పులిహోర తిన్నాక ఏమీ అడగడు.