పాత నీళ్ల పంపు మీద ఫ్రాటేజ్, లేయర్లు ఎలా కలపాలి?

హాయ్ అండి, వీధి మూల ఉన్న పాత పోత ఇనుము నీళ్ల పంపుని ఉన్నదున్నట్టు దించకుండా, గీస్తూ గీస్తూనే దాన్ని తెలుసుకుందామని మొదలుపెట్టా. చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో చెక్క నేల మీద కాగితం పెట్టి రుద్దాడు కదా, అలా ఫ్రాటేజ్ (కింద ఉన్న గరుకు కాగితం మీద తేలేలా పెన్సిల్‌తో రుద్దడం) చేస్తే కంటికి ఆనని అరిగిపోయిన అక్షరాలు కాగితం మీద తేలాయి, భలే అనిపించింది! తర్వాత కాగితం వంక చూడకుండా, పెన్సిల్ ఎత్తకుండా ఇంకోటి గీశా, వంకరగానే వచ్చింది గానీ హ్యాండిల్ బరువు అందులోనే తెలుస్తోంది. ఇప్పుడు ట్రేసింగ్ పేపర్ మీద ఈ రెండూ కలిపితే అంతా అలుక్కుపోతోంది. రెండిటికీ స్కేల్ ఒకటే ఉంచాలా, లేక ఫ్రాటేజ్‌ని అసలు సైజులో వదిలేసి గీతల్ని చిన్నవి చేయాలా? ఇంకోటి, కింద రాతి దిమ్మె పొరలుగా రాలుతోంది, రుద్దితే పాడవుతుందని ముట్టుకోలేదు, ఆ టెక్స్చర్ పట్టుకోడానికి వేరే దారేమైనా ఉందా?