కారు మారుస్తున్నాం, ఇన్సూరెన్స్ ఎక్కడ తగ్గుతుంది?

నిజాంపేట_నాన్న:
పాత స్విఫ్ట్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చి 1197 సీసీ కొత్త కారు తీసుకుంటున్నాం. నాలుగేళ్లుగా క్లెయిమ్ లేదు. ఇన్సూరెన్స్ బయట చేయిస్తే డెలివరీ ఆలస్యమవుతుందని షోరూం వాళ్లు భయపెడుతున్నారు. జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా డబ్బిచ్చే అదనపు కవర్) అవసరమా? పాత పాలసీ ఏం చేయాలి?

కాకినాడ_కాజా:
ఆ బెదిరింపు వింటేనే ఒళ్లు మండుతుంది. పాలసీ ఎక్కడ కొనాలన్నది మన ఇష్టం. "బయట చేయిస్తే కారు ఇవ్వం అని రాసి సంతకం పెట్టండి" అన్నాను. మేనేజర్ దారికొచ్చాడు. బయటి కొటేషన్ చూపించగానే అదే కంపెనీ పాలసీని వాళ్లే తగ్గించి ఇచ్చారు.

సర్వేయర్_బాబాయ్:
మోటార్ సర్వేయర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, వినండి. థర్డ్ పార్టీలో, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేదాంట్లో, బేరం లేదు. 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ప్రకారం 1000-1500 సీసీ కొత్త కారుకు మూడేళ్లకు 10,640 రూపాయలు, పైన జీఎస్టీ. బేరమంతా ఓన్ డ్యామేజీలోనే, అంటే మన కారుకు జరిగే నష్టం కవర్‌లోనే. అక్కడే మీ 45 శాతం ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) పనికొస్తుంది. అది కారుది కాదు, మీది. పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకోండి, 3 ఏళ్లు చెల్లుతుంది.

వరంగల్_వాసి:
ఇంత తిప్పలెందుకు అన్నా, కారు ఇచ్చిన రోజే పాత పాలసీ క్యాన్సిల్ చేయించు. మిగిలిన నెలలకు డబ్బులు వాపస్ వస్తాయి.

సర్వేయర్_బాబాయ్:
దయచేసి అలాంటి సలహాలు ఇవ్వకండి! ఆర్‌సీలో పేరు మారేదాకా ఓనర్ మీరే. ఈలోగా ఎవరినైనా గుద్దితే పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది. సుప్రీంకోర్టు 2018లోనే తేల్చి చెప్పింది.

వరంగల్_వాసి:
పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, డెలివరీ నోట్ తీసుకున్నాక నాకేం సంబంధం? నేను అట్లనే చేసిన, ఏమీ కాలేదు.

తెనాలి_రాణి:
మీకు కాలేదు, మా బావగారికి అయింది. మధ్యవర్తికి కారు అమ్మారు. వాడు పేరు మార్చకుండానే ఇంకొకరికి అమ్మాడు. ప్రమాదం జరిగాక ట్రిబ్యునల్ నోటీసు బావగారింటికే వచ్చింది. పాలసీ బతికుంది కాబట్టి బయటపడ్డారు. సంతకాలు పెట్టడం వేరు, ఆర్‌టీఓ రికార్డులో పేరు మారడం వేరు.

వరంగల్_వాసి:
అందరూ కలిసి నా మీద పడితే ఎట్లా? కొన్నవాడు 14 రోజుల్లో పాలసీ తన పేరుకు మార్చుకోవాలని రూల్ లేదా?

సర్వేయర్_బాబాయ్:
ఉంది, మార్చుకోకపోతే వాడి ఓన్ డ్యామేజీ క్లెయిమ్ నిలవదు. కానీ మీరు పాలసీయే రద్దు చేస్తే రోడ్డున పడేది బాధితుడి కుటుంబం. 30 ఏళ్లు అలాంటి ఫైళ్లే చూశాను. బండి ఎవరి పేరున ఉందో చూపించే ఎం-పరివాహన్ యాప్‌లో కొత్త పేరు కనిపించాకే పాలసీ సంగతి చూడండి.

కాకినాడ_కాజా:
జీరో డెప్ గురించి ఎవరూ చెప్పలేదే. కొత్త కారుకు తీసుకోండి. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు.

బెజవాడ_భాస్కర్:
జీరో డెప్ ఒక్కటే చాలదండీ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా సింగ్ నగర్‌లో కార్లు మునిగిపోయాయి. నీళ్లు దిగాక కంగారులో స్టార్ట్ చేసినవాళ్లకు ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేక క్లెయిమ్ ఆగింది. నాది స్టార్ట్ చేయకుండా టోయింగ్‌లో పంపించాను, డబ్బు వచ్చింది. మీ సెల్లార్‌లో నీళ్లు నిలుస్తాయా? అది చూసుకుని యాడ్ఆన్ కొనండి.

తెనాలి_రాణి:
ప్రీమియం తగ్గాలని ఐడీవీ (పాలసీలో రాసే కారు విలువ) మాత్రం తగ్గించుకోకండి. కారు పోతే వచ్చేది అంతే. 15 లక్షల యాక్సిడెంట్ కవర్ మీకు ఇప్పటికే ఉంటే ఇందులో మళ్లీ కట్టనక్కర్లేదు, ఆ ముక్క షోరూం వాళ్లు చెప్పరు.

నిజాంపేట_నాన్న:
అందరికీ థాంక్స్. ఒక చిక్కుంది. పాత ఆర్‌సీ, పాలసీ మా నాన్నగారి పేరున ఉన్నాయి. కొత్తది నా పేరున బుక్ చేశాం. ఎన్‌సీబీ నాకు వస్తుందా?

సర్వేయర్_బాబాయ్:
రాదు. తండ్రి బతికుండగా కొడుక్కి బదిలీ కాదు. ఇన్వాయిస్ ఇంకా వేయలేదంటే బుకింగ్ నాన్నగారి పేరుకు మార్చమని రేపే అడగండి. లోన్ మీ పేరున ఉందా?

వరంగల్_వాసి:
బాబాయ్, నేను అమ్మిన బండి ఇంకా నా పేరు మీదనే చూపిస్తున్నది యాప్‌లో. ఇప్పుడేం చేయాలె?