కొత్తగా చేరిన సీహెచ్‌ఓలకు తొలి నెలల్లో అండ ఎవరు?

ప్రశ్న (కొండపి ప్రాంతం, ప్రకాశం జిల్లా):

నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్, ఆ తరువాత సామాజిక ఆరోగ్యంలో సర్టిఫికెట్ శిక్షణ పూర్తి చేసి, ఇటీవలే ఒక విలేజ్ క్లినిక్‌లో (ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో) సీహెచ్‌ఓగా, అంటే సామాజిక ఆరోగ్య అధికారిగా చేరాను. శిక్షణ కాలంలో ఆసుపత్రి వార్డులో పక్కనే స్టాఫ్ నర్సు, పిలిస్తే పలికే డాక్టరు ఉండేవారు. ఇక్కడ ఏఎన్‌ఎం, ఆశా ఫీల్డుకు వెళ్లాక నేనొక్కదాన్నే మిగులుతున్నాను. మొన్న పొగాకు కోతకు వెళ్లిన ఒకామె వాంతులు, కళ్లు తిరగడంతో వస్తే బీపీ చూసి, ఓఆర్‌ఎస్ తాగించి, పీహెచ్‌సీకి పంపాను. పంపడం అవసరమేనా, ఊరికే భయపడ్డానా అని చెప్పేవారు లేరు. ప్రతి కేసునూ పైకి పంపేయకుండా, అలాగని ప్రమాదం తెచ్చిపెట్టకుండా పని నేర్చుకోవడం ఎలాగో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1 (సీహెచ్‌ఓ, ఉదయగిరి ప్రాంతం):

చెల్లెమ్మా, మీరు పంపడం సరైన పనే. మంచుకు తడిసిన పొగాకు ఆకు కోసేటప్పుడు నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి చేరి వాంతులు, తలతిప్పు తెస్తుంది. తడి బట్టలు మార్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించడం ముందు చేయవలసిన పని. అయితే అవే లక్షణాలు పురుగుమందు తగిలినా వస్తాయి కనుక, కంటిపాపలు బాగా చిన్నవయ్యాయా, నోటి వెంట చొంగ కారుతోందా, విపరీతంగా చెమటలు పోస్తున్నాయా అన్నది తప్పక చూడండి. అవి కనిపిస్తే 108కి ఫోన్ చేయడంలో ఆలస్యం వద్దు. ఏ కాలంలో ఊళ్లో ఏ పని జరుగుతుందో, దానితో ఏ బాధలు వస్తాయో మీ ఆశా కార్యకర్తకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆమెను అడగడానికి మొహమాటపడకండి.

జవాబు 2 (నర్సింగ్ ట్యూటర్, కావలి):

ఈ ఇబ్బంది మన జిల్లాలకే పరిమితం కాదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం, కొత్తగా చదువు ముగించిన నర్స్ ప్రాక్టీషనర్ల (రోగిని పరీక్షించి మందులు రాసే అర్హత ఉన్న నర్సుల) కోసం 2007లోనే ఏడాది పాటు సాగే రెసిడెన్సీని, అంటే పనిచేస్తూ నేర్చుకునే శిక్షణను ప్రారంభించింది. సొంతంగా రోగులను చూస్తూనే, అనుమానం వచ్చిన ప్రతిచోటా సీనియరును అడిగే వీలు ఉండటం అందులో కీలకం. ఆ వీలు ఇక్కడ కూడా కల్పించవచ్చు: చేరిన తొలి నెలల్లో వారానికి ఒక పూట పీహెచ్‌సీ ఓపీలో డాక్టరు గారి పక్కన కూర్చోవడానికి అనుమతి అడగండి.

జవాబు 3 (పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్, ప్రకాశం జిల్లా):

ఇందులో మా బాధ్యతే ఎక్కువ. సీహెచ్‌ఓ పంపిన రోగిని చూసి, మందిచ్చి పంపించి, ఆ సంగతి తిరిగి సీహెచ్‌ఓకు చెప్పకపోతే, ఆమె రేపు కూడా అదే అనుమానంతో అదే కేసును పంపుతుంది. నేను రిఫరల్ చీటీ వెనకే రెండు వాక్యాలు రాసి పంపుతాను: ఏమని తేలింది, ఈసారి అక్కడే ఏమి చేయవచ్చు. మీ డాక్టరు గారిని కూడా ఇదే కోరండి. ఓపీ రద్దీలో మరచిపోతే సాయంత్రం మీరే ఫోన్ చేసి అడగండి, అది ఎవరినీ విసిగించడం కాదు.

ఉపకేంద్రం స్థాయికి 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు నిర్దేశించారు కాబట్టి అక్కడే తేల్చగలిగినవి చాలా ఉన్నాయి. ఉదాహరణకు బీపీ. నడిచి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టకుండా అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో ఉంచి, రెండుసార్లు చూడండి. 140/90 లేదా అంతకు మించి ఉంటే మరొక రోజు రమ్మని మళ్లీ చూడండి. 180/110 దాటితే అదే రోజు నా వంటివారి దగ్గరకు పంపండి. మందు మొదలుపెట్టే నిర్ణయం డాక్టరుది, నెలనెలా మందులిచ్చి కనిపెట్టుకొని ఉండటం మీది. ఈ-సంజీవనిలో (దూరంగా ఉన్న డాక్టరును వీడియో కాల్‌లో సంప్రదించే ప్రభుత్వ సేవలో) కాల్ కలిపినప్పుడు కూడా మందుల పేర్లు రాసుకోవడంతో ఆగక, డాక్టరు రోగిని ఏయే ప్రశ్నలు, ఏ వరుసలో అడుగుతున్నారో గమనించండి. తరువాతి రోగిని అవే ప్రశ్నలు ముందుగా మీరే అడిగి, జవాబులు సిద్ధంగా ఉంచుకొని కాల్ కలపండి.