కిమోనో కొలతలు అంగుళాల్లోకి: ఏ షాకు లెక్క తీసుకోవాలి?

కిమోనో కుట్టడానికి పాత జపనీస్ కొలతల కాగితం ఒకటి దొరికింది. అన్నీ షాకు, సున్, బు లెక్కలే. పది బులు ఒక సున్, పది సున్‌లు ఒక షాకు, అంతవరకు తేలికే.

చిక్కంతా షాకుతోనే. వడ్రంగుల షాకు 30.3 సెం.మీ., అంటే మన అడుగుకి కాస్త తక్కువ. బట్టలు కొలిచే కుజిరా షాకు 37.9 సెం.మీ., దాదాపు 14.9 అంగుళాలు. ఈ రెండింటిలో ఏది వాడారో కాగితం మీద రాయలేదు. గుడ్డ పన్నా 9 సున్ 5 బు అని ఉంది. మొదటి లెక్కలో అది 11.3 అంగుళాలు, రెండో లెక్కలో 14.2. కిమోనో తానుల పన్నా సుమారు 36 సెం.మీ. ఉంటుంది కాబట్టి కుజిరా షాకే అనుకుంటున్నాను. కానీ నిలువు 4 షాకులు దగ్గర టెన్షన్: 47.7 అంగుళాలా, 59.7 అంగుళాలా? అడుగు తేడా! పట్టుబట్ట, కత్తెర పడ్డాక చేసేదేం లేదు.

కిమోనోలు కుట్టినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఒకే కాగితంలో రెండు షాకులూ కలిపి వాడతారా? ఈ కొలతల్లో కుట్టు మడత కలిసే ఉంటుందా? కుజిరా బు 3.8 మి.మీ. కదా, అంగుళంలో ఎనిమిదో వంతు గీతలున్న టేపుకి సరిగ్గా అందదు. అంగుళాలు మానేసి మిల్లీమీటర్లలోనే గీసుకోమంటారా?