అప్‌డేట్: తరగతులు పెంచలేదు, తగ్గించాం

రెండు రోజుల శిక్షణ ఇచ్చినా కొత్త సాఫ్ట్‌వేర్‌పై సిబ్బంది మళ్ళీ అవే సందేహాలతో వస్తున్నారు, తరగతులు పెంచాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. "ముందు వాళ్ళు పని చేస్తుండగా పక్కన కూర్చుని చూడండి" అన్నారొకరు. ఆ సలహా నాకు రుచించలేదు. అయినా కూర్చున్నాను.

బటన్లు అందరికీ తెలుసు. బిల్లును వెనక్కి పంపేటప్పుడు ఏ కారణం ఎంచుకోవాలన్నదే తెలియదు. నా 60 స్లైడ్లలో దాని ఊసే లేదు! ఇప్పుడు ఆ తెరమీదే నాలుగు వరుసల సూచన కనిపిస్తుంది. తరగతి ఒక పూటకు తగ్గింది. అందులో ఆ సూచనలు చూస్తూ పని చేయడమే సాధన.

నేర్చినది ఎంత త్వరగా మరచిపోతామో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. శిక్షణను మెట్లవారీగా రూపొందించే యాడీ (ADDIE) పద్ధతిలోనూ మొదటి మెట్టు అవసరాల విశ్లేషణే. దాన్ని దాటేసింది నేనే. సందేహాలతో వచ్చే ఫోన్లు బాగా తగ్గాయి. ఏడాదికోసారి వచ్చే ముగింపు లెక్కలకు మాత్రం ఇంకా ఏమీ తయారు చేయలేదు.